మణుగూరుకు ఇటలీ చుట్టాలు

సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చే రైలుకు మణుగూరే ఆఖరి స్టేషన్.  సింగరేణి బొగ్గు, భారజల కర్మాగారం, థర్మల్ పవర్ స్టేషన్ అన్నీ ఈ చుట్టుపక్కలే. కానీ బైక్ మీద గంట పోతే కోయగూడేలు, ఇప్పచెట్లు, సిగ్నల్ లేని ఫోను. అక్కడో క్యాథలిక్ మిషన్, పిల్లల హాస్టల్ ఉన్నాయి. పిల్లలుండే చోటు కాబట్టి పేరు రాయను.

కిందటి డిసెంబర్‌లో అక్కడికి ఇటలీ నుంచి ఆరుగురు వచ్చారు. ఈ పిల్లల చదువుకు ఏళ్లుగా డబ్బు పంపుతున్నవాళ్లు. ఈ దారి పాతదే. మిలాన్‌కు చెందిన పీమే సంఘం ఫాదర్లు 1855లోనే హైదరాబాద్ ప్రాంతానికి వచ్చారు. ఖమ్మం మేత్రాసనం మాత్రం వరంగల్ నుంచి విడిపోయి 1988లో ఏర్పడింది. గోదావరి అవతల దుమ్ముగూడెంలో ఉన్నది ప్రొటెస్టెంట్ మిషన్. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ 1870ల్లోనే కోయల ఆచారాల మీద ఇంగ్లీషులో వ్యాసాలు అచ్చువేశాడు. చూసేది వచ్చినవాళ్లు, కనబడాల్సింది ఇక్కడివాళ్లు. అప్పటి నుంచీ ఇదే వరస.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవులకు ఇంటికొస్తే ఫాదర్ ఫోన్ చేశారు. "బాబూ, రెండ్రోజులు ఇంగ్లీషు మాట్లాడిపెట్టాలి."

దాతలొస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసుగా? దండలు, స్పీచ్‌లు, ఎండలో వరసగా పిల్లలు. కొమ్ము డాన్స్ పెడదామన్నారు టీచర్లు. గూడెం పెద్దాయన ఒప్పుకోలేదు. "అది మా పెళ్లిళ్లకి, పండగలకి. ఎవరో వచ్చారని ఆడం." ఫాదర్ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదట. వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటే వచ్చే ఏడాది హాస్టల్ బియ్యం ఎక్కణ్ణుంచి తేవాలి? అయినా డాన్స్ మానేశారు. పిల్లల్ని బడికి పంపించారు. నా లెక్కలో ఆయన ఆ రెండ్రోజుల్లో చేసిన పెద్ద పని అదే.

సిస్టర్లు తమ గదులు అతిథులకిచ్చి క్లాస్‌రూమ్‌లో పడుకున్నారు. దోమతెరలు, కాచి చల్లార్చిన నీళ్లు, కారం తగ్గించిన నాటుకోడి పులుసు. (ఆ పులుసు తిన్న హాస్టల్ పిల్లల మొహాలు చూడాల్సింది!)

రెండో రోజు గూడేనికి వెళ్లాం. ఓ అవ్వ నులకమంచం వాల్చి కూర్చోమంది. ఆమె కోయలో అడుగుతుంటే తొమ్మిదో తరగతి మనవరాలు తెలుగులో, నేను ఇంగ్లీషులో, వాళ్లలో ఓ కుర్రాడు ఇటాలియన్‌లో చెప్పాలి.

అవ్వ మొదటి ప్రశ్న, "మీ దగ్గర వరి పండుద్దా?"

అరవై దాటిన ఒకావిడ మంచం అంచుకు జరిగింది. ఉత్తర ఇటలీలో పో నది మైదానంలో వరి పండుద్దట. ఒకప్పుడు నాట్లకీ కలుపులకీ వేలమంది ఆడవాళ్లు కూలికి పోయేవారు. వాళ్లని 'మొండీనె' అంటారు. వాళ్లమ్మా అందులో ఒకతె. కాళ్లకింద బురద, పొద్దంతా వంగిన నడుము, మధ్యలో పాటలు.

"జలగలో?" అంది అవ్వ.

ప్రశ్న నాలుగు భాషలు దాటి వెళ్లింది. ఆవిడ జవాబు చెప్పలేదు. పిక్క మీద చెయ్యేసి, పీకి పారేసినట్టు చూపించింది. అవ్వ పగలబడి నవ్వింది. తర్వాత కూలి లెక్కల్లోకి దిగారు, నాకు పెద్దగా పనిలేదు.

బయల్దేరేటప్పుడు అవ్వ ఎండబెట్టిన ఇప్పపువ్వు పొట్లం కట్టి ఆవిడ చేతిలో పెట్టింది. "మీ అమ్మకి" అంది. అమ్మ పోయి చాలా ఏళ్లయిందని ఆవిడ చెబితే నేను అనువదించాను. అవ్వ పొట్లం వెనక్కి తీసుకోలేదు.