వెనక పెట్టిన జనరేటరు

సూర్యాపేట బస్టాండు ముందు టీ తాగుతుంటే కోదాడ నుంచి బావ ఫోను. "బామ్మర్దీ, వచ్చేటప్పుడు ఎలక్ట్రికల్ షాపుల 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ ఒకటి పట్కరా. ఇక్కడ 100దే ఉందంటున్నరు." కార్తీక వనభోజనాలకు పిలిచి, వచ్చేవాడి చేత కరెంటు సామాను తెప్పించుకునే మనిషి లోకంలో ఆయనొక్కడే ఉంటాడు.

బావది జనరేటర్లు అద్దెకిచ్చే పని. కోతల రోజుల్లో ఆయన కోసం పెళ్లి ముహూర్తాలు ఆగేవి. తెలంగాణ వచ్చాక కోతలు తగ్గాయి. 2018 జనవరి 1 నుంచి పొలాల మోటార్లకు కూడా 24 గంటల కరెంటు వచ్చింది. బేరం వినాయక మండపాలకూ, ఊరి బయట ఫంక్షన్లకూ కుదించుకుపోయింది. అందుకే కోదాడ కుర్రాళ్లు పదిహేను మంది వచ్చి, కృష్ణలో బోటు మీద వనభోజనం పెట్టుకున్నాం, సౌండు బాక్సులకూ సీరియల్ లైట్లకూ చిన్న పెట్రోలు సెట్టు కావాలంటే కాదనలేకపోయాడు. కానీ ఇరవై ఏళ్లలో ఆయన సెట్టు ఎప్పుడూ నీళ్లెక్కలేదు. ఒకరోజు ముందే పోయి చూసొద్దామన్నాడు.

సూర్యాపేట నుంచి కోదాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద గంట లోపు ప్రయాణం. దాని గురించి చెప్పడానికేమీ లేదు, బస్సులో అందరూ ఫోన్లు చూసుకుంటారు. అసలు దారి కోదాడలో హైవే వదిలి హుజూర్‌నగర్ వైపు తిరిగాకే మొదలవుతుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే నేల ఇది. కార్తీకంలో వరి కోతలు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, రెండో పక్క సిమెంటు లారీలు. మధ్యలో మా ట్రాలీ ఆటో. వెనకాల తాళ్లతో కట్టిన జనరేటరు ప్రతి గుంతకూ ఎగిరి పడుతుంటే, బావ వెనక్కి తిరిగి దాన్ని పసిపిల్లను చూసినట్టు చూసుకుంటున్నాడు.

మట్టపల్లిలో యోగానంద లక్ష్మీనరసింహస్వామికి దండం పెట్టుకున్నాం. అవతలి ఒడ్డు పల్నాడు. ఇక్కడ కృష్ణ ఇప్పుడు పారే నదిలా ఉండదు. దిగువన 45.77 టీఎంసీల పులిచింతల ప్రాజెక్టు వెనక నిలిచిన నీరు కావడంతో చెరువులా కదలకుండా పరుచుకుని ఉంటుంది. గుడి ముందు బావ ఒక అగరుబత్తుల ప్యాకెట్టు కొని జేబులో వేసుకున్నాడు. భక్తి అనుకున్నాను.

కుర్రాళ్లు మాట్లాడుకున్న బోటు అక్కడికి కాస్త దూరంలో, ఒక చిన్న రేవులో ఉంది. ముప్పై అడుగుల ఇనప బోటు. పైన రేకు కప్పు, చలిగాలి కొట్టకుండా రెండు పక్కలా దించిన టార్పాలిన్లు, వెనక వైపు బారుగా తెరిచి ఉంది. బోటు మనిషి మా సెట్టును చూసి తడుముకోకుండా చోటు చూపించాడు. "వెనక మూలకు పెట్టుండ్రి అన్నా. పొగ వెనకకే పోతది."

ఒడ్డు మీద ఎవరైనా ఆ మాటే అంటారు. ఫంక్షన్ హాలు వెనక, మండపం వెనక, ఇంటి వెనక: జనరేటరు స్థానం ఎప్పుడూ వెనకే. బావ కూడా తలూపబోయి ఆగాడు. ఆయనకు ఒక పెళ్లి గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో సెట్టును వంటశాల పక్క గదిలో పెట్టించారు. వాన పడుతోందని తలుపు మూశారు. తెల్లారేసరికి ఇద్దరు వంటవాళ్లకు తలనొప్పి, వాంతులు. "నిద్ర లేక అనుకున్నరు, తిన్నది పడలేదనుకున్నరు, ఆఖరికి దిష్టి కూడా తీసిండ్రు. సెట్టు బందు చేసి బయట కూసోబెడితే తేరుకున్నరు," అని చెప్పాడు.

ఆ వంటవాళ్లను పట్టుకున్నది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే, ఎక్కిన దాంట్లో సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. డాక్టరు మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే గంటన్నర. డీజిల్ ఇంజన్ కన్నా చిన్న పెట్రోలు సెట్టు దీన్ని చాలా ఎక్కువగా వదులుతుంది. బోటు మీద ఇంకో చిక్కుంది. తల తిరగడం, కడుపులో తిప్పడం, నీరసం, ఇవన్నీ పడవ ప్రయాణం పడనివాళ్లకు కూడా ఉండేవే. పక్కవాడు నిమ్మకాయ చేతికిచ్చి పడుకోమంటాడు. ఆ పడుకునే చోటు జనరేటరు పక్కనే కావచ్చు. కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చిన వేలి ఆక్సిమీటరు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఆక్సిజన్ పట్టిన రక్తానికీ, ఈ విషం పట్టిన రక్తానికీ దానికి తేడా తెలియదు. మనిషి వాలిపోతున్నా 98 చూపిస్తుంది.

"నది మీద గాలికేం కొదవ?" అన్నాడు బోటు మనిషి. న్యాయమైన ప్రశ్నే.

బావ జేబులోంచి అగరుబత్తులు తీశాడు. నాలుగు వెలిగించి, వెనక మూలలో, సరిగ్గా సెట్టు పెట్టమన్న చోట, ఒక అరటిపండుకు గుచ్చి నిలబెట్టాడు. బోటు కదలక ముందు పొగ నిటారుగా లేచి కప్పు అంచు దాటి పోయింది. బోటు మనిషి నవ్వాడు. ఇంజన్ అందుకుని బోటు రేవు వదిలి వేగం పట్టింది. పొగ మొదట వెనక్కే వంగింది. తర్వాత తడబడింది. ఆ తర్వాత సన్నటి తీగలా వెనక్కి తిరిగి, రేకు కప్పు కిందుగా, టార్పాలిన్ల మధ్యగా మా మొహాల మీదికి వచ్చింది. ముందు బల్ల మీద కూర్చున్న నాకు గుడి వాసన తగిలింది. గాలికి ఎదురుగా పోయే గూడు బండి వెనకాల దుమ్ము లోపలికి ఎందుకొస్తుందో, ఇదీ అందుకే. ముందుకు దూసుకుపోయే కప్పు వెనక గాలి పలచబడి ఒక ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని నింపడానికి వెనక ఉన్న గాలి లోపలికి తోసుకొస్తుంది. వెనక మూలలో పొగ వదిలే యంత్రం ఉంటే, ముందుగా వచ్చేది ఆ పొగే.

బోటు మనిషి నవ్వడం మానేసి ఇంజన్ ఆపాడు.

ఈ సంగతి పెద్ద పడవలు కట్టేవాళ్లకూ ఆలస్యంగానే తెలిసింది. అమెరికాలో యూటా, అరిజోనా రాష్ట్రాల మధ్య లేక్ పావెల్ అనే జలాశయం ఉంది. మన సాగర్ లాగే 1960లలో ఆనకట్ట వెనక నీరు నిలిపింది. 2000 ఆగస్టులో అక్కడ ఒక హౌస్‌బోటు వెనక, ఈతకు దిగే బల్ల కింది ఖాళీలోకి వెళ్లిన ఇద్దరు అన్నదమ్ములు, పిల్లలు, చనిపోయారు. జనరేటరు పొగ గొట్టం ఆ ఖాళీలోకే తెరుచుకునేది. తర్వాత ప్రభుత్వ పరిశోధకులు అలాంటి బోట్ల కింద కొలిస్తే, పది లక్షల పాళ్ల గాలిలో 30,000 పాళ్ల వరకు ఈ వాయువు తేలింది. 1,200 పాళ్లు దాటితేనే తక్షణం ప్రాణగండమని వాళ్ల లెక్క. దాంతో పొగ గొట్టాన్ని నిలువుగా పై అంతస్తు కప్పు దాటించి పెట్టే పద్ధతి వచ్చింది. నడిపే రైతు మొహానికి తగలకుండా మన ట్రాక్టరు సైలెన్సరు పైకి నిలబడి ఉన్నట్టే.

ఇంకో లెక్క ఒడ్డునే తేలిపోయింది. జనరేటరును ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉంచాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఈ బోటు మొత్తం పొడవే 30 అడుగులు. మిగిలిన పది అడుగుల్లో పదిహేను మందినీ నిలబెడితే బోటు ముక్కు నీళ్లలో పడుతుంది.

పెట్రోలు డబ్బా సంగతి బావకు చెప్పక్కర్లేదు. వేడి మీదున్న సెట్టులో పోయడం, బోటు మీదే డబ్బా నింపడం, రెండూ ఆయనకు గిట్టవు. ఆయన కొత్తగా ఆలోచించింది బోటు అడుగు గురించి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీదైతే పాకి పోతుంది. బోటులో అడుగు పలకల కిందికి దిగి అక్కడే కూర్చుంటుంది, నిప్పురవ్వ కోసం. లోపల పెట్రోలు ఇంజన్లుండే బోట్లలో స్టార్టు చేసే ముందు నాలుగు నిమిషాలు ఫ్యాను నడిపి అడుగు గాలి తోసేయమనేది అందుకే. కారణం ఏదైనా, నీటి మధ్య నిప్పు ఎంత తొందరగా పెరుగుతుందో గోదావరి ఒకసారి చూపించింది. 2018 మేలో దేవీపట్నం దగ్గర పాపికొండల టూరిస్టు బోటు తగలబడినప్పుడు, దాన్ని వెంటనే ఒడ్డుకు చేర్చబట్టే జనం దిగి బతికారు.

నేను మోసుకొచ్చిన ఆర్‌సీసీబీ కథ వేరు. ఇనప బోటు, తడి కాళ్లు, జనరేటరు ఇచ్చే 230 వోల్టులు. తీగ చర్మం లేచి ఇనుముకు తగిలితే, 30 మిల్లీ యాంపులు దారి తప్పగానే ఈ స్విచ్చి పడిపోతుంది. 100ది అంత చురుగ్గా ఉండదు, మనిషిని కాపాడే కొలత 30దే. పైగా మంచినీళ్లలో కరెంటు ఉప్పునీళ్లలో కన్నా ప్రమాదం. మనిషి ఒళ్లు మంచినీటి కన్నా బాగా కరెంటును పట్టుకుంటుంది కాబట్టి, బోటు పక్కన ఈదేవాడి ఒంట్లోంచే దారి చూసుకుంటుంది. కండరాలు బిగుసుకుపోతే ఈత వచ్చినవాడు కూడా మునుగుతాడు. అయితే ఆ స్విచ్చి సరిగా పనిచేయాలంటే సెట్టు లోపల న్యూట్రలుకూ బాడీకీ కనెక్షన్ ఉండాలి. చిన్న సెట్లలో చాలా వాటికి అది ఉండదు. బావ టెస్టర్‌తో చూసి పెదవి విరిచాడు. మాదీ ఆ బాపతే.

సెట్టును మళ్లీ ట్రాలీ ఎక్కించాం. అద్దె పోయింది. నేరేడుచర్ల దాటేదాకా బావ మాట్లాడలేదు.

మిర్యాలగూడ చేరేసరికి సాయంత్రం. రైసు మిల్లుల ముందు సన్నవడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్యలోంచి దూరి ఒక బ్యాటరీల షాపుకు చేరాం. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి రోజు అద్దెకు. కాగితం మీద 1,800 వాట్ అవర్లు, పూర్తిగా పిండకుండా సగమే వాడుకున్నా 900. 60 వాట్ల ఎల్‌ఈడీ పట్టీలకు రాత్రంతా సరిపోను పదిహేను గంటలు. పాటలకు లోపలే బ్యాటరీ ఉన్న ట్రాలీ స్పీకరు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించి, పడిపోకుండా చెక్కపెట్టెలో నిలబెట్టించాడు బావ. బేరం నూట యాభై తగ్గాక మొహంలో కళ వచ్చింది.

కుర్రాళ్ల నాయకుడు ఫోన్ చేశాడు. రైస్ కుక్కరూ మిక్సీ నడుస్తాయా అని.

"నడవయ్. ఒడ్డు మీద ఉసిరి చెట్టు ఉన్నది, దాని కింద కట్టెల పొయ్యి పెట్టుండ్రి. వండుకొని, తిని, అప్పుడు ఎక్కుండ్రి బోటు," అని ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఆ స్విచ్చి బిల్లు ఉన్నదా? సూర్యాపేటల వాపస్ తీసుకుంటరంటవా?"