కొండపల్లి సున్నం, కొలువు మెట్లు, ఓ కనపడని బొంగరం

విజయవాడలో హైదరాబాద్ హైవే ఎక్కి, ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకి తిరిగితే కొండపల్లి. వచ్చినవాళ్లు ముందు ఖిల్లా ఎక్కుతారు. రెడ్డిరాజుల నాటి కోట, ఒకవైపు అడవి, ఇంకోవైపు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. ఫొటోలకి సూపర్. మేం మాత్రం నేరుగా బొమ్మల కాలనీకి వెళ్లాం. నాతో మా బాబాయి కూతురు. వైజాగ్‌లో ఎమ్మెస్సీ న్యూక్లియర్ ఫిజిక్స్ చదువుతోంది. పీహెచ్‌డీ చేస్తానంటుంది. ఇంట్లోవాళ్లేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు.

ఓ ఇంటి వసారాలో పెద్దాయన అంబారీ ఏనుగుకి తొండం అతికిస్తున్నాడు. కర్ర తెల్లపొణికి. దూదిలా తేలిక. ముక్కలన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తర్వాత సున్నం పూత, ఆపైన రంగులు.

"లోపల తడి ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

"కోసి చూస్తే బొమ్మ పోద్ది కదా బాబూ. తట్టి, చప్పుడు వింటా" అన్నాడాయన.

మా చెల్లి నవ్వింది. "మేం చేసేదీ అదే అన్నయ్యా. పరమాణు కేంద్రకాన్ని కోసి చూడలేం. దాని విద్యుత్తునీ అయస్కాంతాన్నీ తట్టి చూస్తాం."

సున్నం డబ్బా చూపించి మొదలుపెట్టింది. సున్నంలో ఉండేది కాల్షియం. అందులో నూటికి 97 పాళ్లు కాల్షియం-40, అంటే 20 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లలాగా కేంద్రకంలోనూ మెట్లుంటాయి. 2, 8, 20 దగ్గర కింది మెట్లు నిండిపోతాయి. నిండితే కేంద్రకం గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. వీటినే మ్యాజిక్ నంబర్లు అంటారు.

మరి న్యూట్రాన్లు బాగా ఎక్కువైతే? మెగ్నీషియం-32లో ప్రోటాన్లు 12, న్యూట్రాన్లు 20. లెక్క ప్రకారం గుండ్రంగా ఉండాలి. కానీ అది సెకనులో పదో వంతు కూడా బతకదు. 1995లో జపాన్‌లోని రికెన్‌లో దాన్ని సీసం రేకు మీదుగా వేగంగా పంపారు. సీసంలోని 82 ప్రోటాన్ల విద్యుత్ క్షేత్రం దాన్ని ఓ కుదుపు కుదిపింది. కుదుపు తిన్న కేంద్రకం గామా కిరణం వదిలింది. అంత తేలిగ్గా ఊగిందంటే అది గుండ్రం కాదు, సాగిన బంతి. అక్కడ మెట్ల మధ్య ఎడం తగ్గిపోయి, న్యూట్రాన్లు పై మెట్టుకి ఎక్కేస్తున్నాయన్నమాట.

అక్కడే ఏటికొప్పాక బొంగరం ఒకటి కనపడితే తిప్పింది. వేగం తగ్గేకొద్దీ బొంగరం తల తిప్పుతూ ఊగింది. "స్పిన్ ఉన్న కేంద్రకం ఓ బుల్లి అయస్కాంతం. అయస్కాంత క్షేత్రంలో పెడితే ఇట్లాగే ఊగుతుంది. ఎంత వేగంగా ఊగుతుందో కొలిస్తే దాని అయస్కాంత బలం తెలుస్తుంది" అంది. 2005లో జెనీవా దగ్గర సెర్న్‌లోని ఐసోల్డేలో మెగ్నీషియం-31ని అలాగే కొలిచారు. లేజర్ వెలుతురుతో కేంద్రకాలన్నిటినీ ఒకే దిక్కుకి తిప్పి, స్ఫటికంలో దించి, రేడియో తరంగాలు పంపారు. సరైన ఫ్రీక్వెన్సీ తగలగానే ఆ వరస చెదిరిపోయింది. బీటా కణాలు వెళ్లే తీరు మారడంతో అది పట్టుబడింది. అదీ సాగిన ఆకారమేనని తేలింది.

ఇదంతా ఎక్కడో విదేశాల గొడవ అనుకోకండి. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద, లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పనిచేశారు. తర్వాత వైజాగ్ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం పెట్టారు. కాషాయం కట్టిన సైంటిస్టు! మా చెల్లి చదివేది అక్కడే.

బేరం అయ్యాక పెద్దాయనని అడిగాను, మీ తర్వాత ఈ పని ఎవరు చేస్తారని. "మావాడు కంపెనీలో చేరాడు బాబూ. ఆదివారం వచ్చి రంగులేస్తాడు. చెయ్యి మాత్రం మర్చిపోలా" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా చెల్లి ఏనుగుని ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో ఏదో నింపుతోంది. తొంగి చూశాను. పీహెచ్‌డీ అప్లికేషన్.

"బాబాయికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"నువ్వే చెప్పు అన్నయ్యా. ఈ ఏనుగుని చూపించి చెప్పు."