జారిన రొమ్ములకు శస్త్రచికిత్స: నా యనుభవము

స్త్రీశరీరమునకు సంబంధించిన కొన్ని సంగతులను మనము కన్నతల్లితో కూడ చెప్పుకొనము. బిడ్డలను కని పెంచిన పిమ్మట రొమ్ములు జారుట యట్టి సంగతులలో నొకటి. ఇరువురు బిడ్డల తల్లినైన నేను రెండేండ్ల క్రిందట వానిని పైకెత్తి సవరించు శస్త్రచికిత్స చేయించుకొంటిని. ఇట్టి యాలోచనలో నున్నవారికి ఉపయోగపడునని నేనెఱిగిన సంగతులను వ్రాయుచున్నాను.

ముందుగా నొక అపోహను తొలగింపవలయును. పాలిచ్చుటచే రొమ్ములు జారునని తలచి కొందఱు తల్లులు బిడ్డకు చన్నిచ్చుటకు సంశయింతురు. అమెరికాలో 2008లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో వయస్సు, గర్భముల సంఖ్య, పొగత్రాగుట మున్నగునవి కారణములుగా కనబడెను, పాలిచ్చుట కనబడలేదు. గర్భము ధరించినపుడు రొమ్ము పెరిగి చర్మము సాగును. పిదప రొమ్ము తగ్గినను సాగిన చర్మము మఱల పూర్తిగా బిగియదు. రొమ్ములో వ్యాయామముచే బలపడు కండ లేదు గనుక కసరత్తుచే గాని తైలమర్దనముచే గాని యది పైకి లేవదు.

"ఎవరి మెప్పుకొఱకమ్మా యీ కోత?" అని మా అత్తగారడిగిరి. రొమ్ము క్రింది మడతలో చెమటచే పలుమారు పుండ్లు పడుటయు, అద్దము చూచుటకే మనసొప్పకుండుటయు చెప్పి, నాకొఱకే యంటిని. ఆమె మఱి మాటాడక, నేను మంచమున నున్నన్నాళ్లు వంటయిల్లు చూచుకొనిరి.

ఈ చికిత్సను సాధారణముగా మత్తుమందిచ్చి రెండు మూడు గంటలలో ముగింతురు. అధికమైన చర్మమును కోసి తీసి, చనుమొనను పై స్థానమునకు చేర్తురు. కోత చనుమొన చుట్టును, తఱచుగా నచ్చటినుండి క్రిందికిని, జారుడు మిక్కిలి యైనచో క్రింది మడత వెంబడియు నుండును. దీనిచే పరిమాణము పెరుగదు. ఆకృతి మాత్రమే మాఱును.

మొదటి వారము వాపును, కమిలిన మచ్చలును, నొప్పియు నుండెను. వెల్లకిలనే పరుండితిని, తల దువ్వుకొనుటకు చేయి లేవలేదు. రేయింబవళ్లు బిగువైన బాడీ ధరించితిని. ఆఱు వారములు బరువెత్తరాదని వైద్యురాలు కట్టడి చేసిరి. మూడేండ్ల మా చిన్నవాడు ఎత్తుకొమ్మని చేతులు చాచినపుడు కూర్చుండి యొడిలోనికి రమ్మనుటయే నొప్పికంటె నాకు కష్టమయ్యెను.

ఆకృతి కుదురుటకు ఆఱు మాసములు పట్టినది. ఎఱ్ఱని మచ్చలు ఏడాదికి వెలసినవి. పూర్తిగా పోలేదు, పోవు కూడ. ఒక చనుమొనకు స్పర్శ తిరిగి వచ్చినది, రెండవదానికి కొంత తక్కువయే. ఇవి ముందుగా తెలిసియుండుటచే నాకు దుఃఖము కలుగలేదు.

బిడ్డలను కనదలచినవారు ఆగుట మంచిది. గర్భముచే రొమ్ము మఱల జారవచ్చును, చికిత్స పిమ్మట పాలిచ్చు శక్తియు తగ్గవచ్చును. పొగాకు మానవలెను, అది గాయము మానుటకు అడ్డు. వయస్సునుబట్టి మామోగ్రామ్ పరీక్ష ముందే చేయించుకొనవలెను. ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ పొందిన వైద్యునే యాశ్రయించి, ఆయన చేసిన చికిత్సల చిత్రములను మచ్చలతో సహా చూపుమనవలెను. పిదప జ్వరము గాని, ఒక ప్రక్క హఠాత్తుగా వాపు గాని కలిగిన తక్షణమే చెప్పవలెను.

ఈ చికిత్స యౌవనమును తిరిగి తేదు; కాలము తన పని తాను చేయుచునే యుండును. ఇతరుల మాటకొఱకు దీనిని చేయించుకొనవలదు, ఇతరుల మాటకు వెఱచి మానవలదు. మచ్చలతో కూడ నది నాకు సమ్మతమేనా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు.