నట్టంటే ఆ నట్టు కాదు నాన్నా!

ఎలక్ట్రిక్ గిటార్‌లో ‘నట్’ అనే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. మెట్లున్న పలక అయిపోయి, బిరడాలుండే తల భాగం మొదలయ్యే చోట అడ్డంగా కూర్చుంటుంది. నా గిటార్‌లో దాని పొడవు 42 మిల్లీమీటర్లు, మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. దాని మీద ఆరు గాడులు, వాటిలోంచి ఆరు తీగలు. చూస్తే చొక్కా గుండీ అంత విలువ కూడా ఇవ్వం. అది పాడైతే మాత్రం ఎంత మంచి గిటారైనా శ్రుతిలో నిలబడదు.

నాది ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న గిటార్. పెద్ద బ్రాండేమీ కాదు. ఐదేళ్లు వాయించాక నాలుగో తీగ ‘జుయ్’మనడం మొదలుపెట్టింది. అదీ ఏ మెట్టూ నొక్కకుండా మీటినప్పుడే. నొక్కి మీటితే శుభ్రంగా పలుకుతోంది. దొంగ అక్కడే దొరికిపోయాడు. ఎందుకంటే మెట్టు మీద తీగను నొక్కినప్పుడు అది ఆ మెట్టు నుంచి మోగుతుంది, నట్‌కు పెద్దగా పని ఉండదు. వదిలేసిన తీగకు మాత్రం నట్టే ఆధారం. నా గిటార్‌ది మెత్తటి ప్లాస్టిక్ నట్. నాలుగో తీగ మీద చుట్టిన సన్నటి లోహపు చుట్లు రోజూ ఆకురాయిలా రాసుకుని గాడిని కిందికి తినేశాయి. తీగ మొదటి మెట్టుకు తగిలి రొద చేస్తోంది. మూడో తీగది ఇంకో రోగం. శ్రుతి చేస్తుంటే గాడిలో ఇరుక్కుని, ‘టింగ్’మని ఒక్కసారిగా జారుతుంది.

సరే, కొత్త నట్ వేయాలి. దేనితో చేసినది? ఇక్కడే మొదలైంది తలనొప్పి. ప్లాస్టిక్, ఎముక, ఇత్తడి, గ్రాఫైట్, ఎముకను పోలిన సింథటిక్... ఒక్కోదానికీ ఒక్కో అభిమాన సంఘం. ఎముకది వెచ్చటి నాదం అంటారు ఒకరు. ఇత్తడిది గంట లాంటి నాదం అంటారు ఇంకొకరు. నేను వారంలో మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసులో, మిగతా రోజులు నేరేడుచర్లలో ఇంటి నుంచే పని చేస్తాను. అరుగు మీద కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఒకదాన్ని ఇంకోదానితో పోలుస్తుంటే నాన్న అడిగాడు.

“ఏందిరా, పొద్దటి సంది అదే చూస్తున్నవ్?”

“నట్టు మార్చాలె నాన్నా, గిటార్‌కు.”

“ఎన్నో నంబర్ పానా పడతది?”

నట్టంటే ఆ నట్టు కాదని చెప్పి చూపించాను. నాన్న మిర్యాలగూడ వైపు ఓ రైస్ మిల్లులో 30 ఏళ్లు మెకానిక్‌గా చేశాడు. ఏ వస్తువునైనా ముందు వేలితో తడిమి చూడటం ఆయన అలవాటు. గాడిలో గోరు పెట్టి చూసి ఒకే ప్రశ్న వేశాడు.

“దీంట్ల ఏది అరగాలె? ఏది నిలవాలె?”

ఇన్ని వీడియోలు చూసినా నాకు ఈ ప్రశ్న ఎక్కడా ఎదురుకాలేదు. వడ్ల పొట్టు తీసే యంత్రంలో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. వడ్లు వాటి మధ్య నలిగి పొట్టు ఊడుతుంది. ఆ పనిలో రబ్బరు అరిగిపోతుంది, మార్చేస్తారు. రబ్బరు మెత్తగా ఉండబట్టే గింజ విరగదు. అక్కడ నిలవాల్సింది బియ్యం, అరగాల్సింది రబ్బరు. మరి గిటార్‌లో? తీగలు ఎలాగూ రెండు మూడు నెలలకోసారి మారుస్తాను. కాబట్టి అరిగితే తీగ అరగాలి, గాడి నిలవాలి. గాడి గట్టిగా ఉండాలి, తీగ జారేంత నున్నగానూ ఉండాలి. ప్లాస్టిక్ అక్కడే తప్పుకుంది.

ఇత్తడి మీద నాకు మనసు లాగింది. కారణం కూడా ఉంది. గిటార్ మెట్లు లోహమే కాబట్టి, నట్ కూడా లోహమైతే వదిలిన తీగా నొక్కిన తీగా ఒకేలా మోగుతాయని అంటారు. మన బొబ్బిలి వీణలో కూడా పనస కర్ర మీద మైనంలో కూర్చోబెట్టేది లోహపు మెట్లనే, గుర్రం మీద పరిచేదీ లోహపు రేకునే. ఆ రేకును నేర్పుగా అరగదీసి తీగ నాదాన్ని కుదురుస్తారు. నాన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. “ఇత్తడిల గాడి ఎక్కువ దిగిందనుకో, మళ్ల నింపలేవు.” ఎముకలో అలా కాదు. రాలిన పొడినే గాడిలో నింపి, మీద ఒక చుక్క ఫెవిక్విక్ వేసి, ఆరాక మళ్లీ కోసుకోవచ్చు. గ్రాఫైట్ అయితే తనంతట తానే జారుతుంది, మూడో తీగకు మంచి మందు. కానీ గాడులు కోసి వచ్చే రెడీమేడ్ ముక్కల్లో నా కొలతకు సరిపోయింది దొరకలేదు. అలా ఎముక మిగిలింది.

ఎముక అనగానే అమ్మ వంటింట్లోంచి వచ్చింది. మా దిక్కు ఎముకను బొక్క అంటాం. ఆఫీసులో ఈ మాట అంటే గుంటూరు మిత్రుడు చిల్లు అనుకుంటాడు.

“దేని బొక్కరా అది?”

“బర్రెదో, ఆవుదో ఉంటది అమ్మా.”

అమ్మకు రెండు బర్రెలున్నాయి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక షరతు పెట్టింది. రాకుడు పని ఇంటి బయట, పాల గిన్నెలకు దూరంగా చేసుకోవాలి. ఎముక పొడి ఎలాగూ పీల్చకూడదు గనక మాస్కులు కట్టుకుని రేకుల షెడ్డు కింద కూర్చున్నాం.

గిటార్ నట్ కోసం అమ్మే ప్రత్యేకమైన ఆకురాళ్లు ఖరీదు. నాన్న గ్యాస్ వెల్డింగ్ షాపుకెళ్లి నాజిల్ శుభ్రం చేసే సన్న పుల్లల సెట్ అడిగి తెచ్చాడు. అవి ఒక్కో మందంలో ఉండే గుండ్రటి చిన్న ఆకురాళ్లే. నా తీగల్లో లావుది 1.07 మిల్లీమీటర్లు, సన్నది 0.23. లావు తీగలకు ఆ పుల్లలు సరిపోయాయి. సన్న తీగలకు పలచటి బ్లేడుతో గీత పెట్టుకున్నాం. లోతు కొలవడానికి ఇంజన్ ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజ్ నాన్న పెట్టెలోనే ఉంది. లెక్క తేలికే. తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య కాగితమంత సందు ఉండాలి. గాడి వాలు బిరడాల వైపు ఉండాలి. ఆఖరున గాడుల్లో పెన్సిల్ ముక్కు రుద్దాం. పెన్సిల్‌లో ఉండేదీ గ్రాఫైటే కదా. మూడో తీగ ‘టింగ్’ ఆగిపోయింది.

ఇక నాదం సంగతి. అసలు నన్ను ఆలోచింపజేసింది ఇదే. ఎముకకూ ఇత్తడికీ తేడా అంటే ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో వినిపించే మెరుపే. నాన్నకు ఆ మెరుపు వినపడదు. 30 ఏళ్ల మిల్లు రొద ఆయన చెవుల్లోంచి దాన్ని తీసుకుపోయింది. పోయినేడు తీయించిన ఆడియోగ్రామ్‌లో గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడినట్టు పడిపోయింది. శబ్దం వల్ల పోయే వినికిడి మామూలుగా అక్కడే మొదలవుతుంది. అందుకే పక్షుల కూత, ఫోన్ రింగు, ‘స’, ‘ష’ లాంటి అక్షరాలు ఆయనకు ముందుగా దూరమయ్యాయి.

కానీ గిటార్ ఆరు తీగలు వదిలి మీటితే వచ్చే మూల స్వరాలు 82 నుంచి 330 హెర్ట్జ్ లోపే. వేలికొన వణుకును బాగా పసిగట్టేది 250 దగ్గర. నేను మీటుతుంటే నాన్న గిటార్ తల మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. మిల్లులో బేరింగ్ బాగుందో లేదో చూసింది కూడా అలాగేనట. నాలుగో తీగ దగ్గర ఆగమన్నాడు. “ఇది ఇంకా జర రాసుకుంటున్నది.” నా చెవికి ఏమీ తేడా తెలియలేదు. గేజ్ పెట్టి చూస్తే గాడి అంచున సన్నటి పలుకు. తీసేశాక మళ్లీ వేళ్లు పెట్టాడు. “ఇప్పుడు ఆరూ ఒక్కతీరుగ ఉన్నయ్.”

మీరూ నట్ మార్చాలనుకుంటే నాది ఒకటే మాట. ఏది తియ్యగా మోగుతుందని కాదు, ఏది నిలుస్తుంది, ఏది జారుతుంది, మీ ఊళ్లో ఏది బాగుచేసుకోగలరు అని అడగండి. సరిగ్గా కోసిన ప్లాస్టిక్ కూడా, వంకరగా కోసిన ఎముక కన్నా నయం.

నట్ అరిగితే ఇంకోటి వేసుకోవచ్చు. లోపలి చెవిలో పాడైన రోమ కణాలు మళ్లీ మొలవవు. 85 డెసిబెల్స్ రొదలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే వాటికి ముప్పే. మా బాబాయి కొడుకు ఈ మధ్యే ఓ మిల్లులో చేరాడు. తర్వాత తీగలు ఆర్డర్ పెట్టినప్పుడు వాడి కోసం ఇయర్‌మఫ్స్ కూడా తెప్పించాను. రెండు రోజులు పెట్టుకుని, చెవులకు చెమట పడుతోందని ఇంటికొచ్చి గొణిగాడు.

నాన్న వాడి దగ్గరికి జరిగి, ఏమన్నాడో ఇంకోసారి చెప్పించుకున్నాడు. విని అన్నాడు, “చెమటైతే తుడుసుకోవచ్చురా.”