ఒంటి ధ్రువమునకై వెదకులాట

సూదంటురాతిని రెండుగా విఱిచినచో ఒక తునుకలో ఉత్తర ధ్రువమును, రెండవదానిలో దక్షిణ ధ్రువమును మిగులవలెనని తోచును. కాని యట్లు జరుగదు. ఎన్ని తునుకలు చేసినను ప్రతిదానికిని రెండేసి ధ్రువములుండును. విద్యుత్తులో ధనావేశము వేఱుగను, ఋణావేశము వేఱుగను లభించుచుండగా, అయస్కాంతమున మాత్రము ఈ జంట యేల విడివడదు?

ఒంటి ధ్రువము గల కణము ప్రకృతిలో ఉండుటకు వీలున్నదని 1931లో పాల్ డిరాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గణితమూలమున చూపెను. అట్టిది యొక్కటియున్నను, విద్యుదావేశము లన్నియు ఒకే చిన్న పరిమాణమునకు గుణిజములై యుండుటకు కారణము దొరకును. విశ్వము పుట్టిన తొలిక్షణములలో జనించిన యట్టి కణములు నేటికిని అంతరిక్షమున సంచరించుచుండవచ్చునని తరువాతివారు తలచిరి.

1982 ఫిబ్రవరి 14వ తేదీన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున, బ్లాస్ కబ్రేరా మిక్కిలి చల్లబఱచి యుంచిన తీగచుట్టలో విద్యుత్ప్రవాహ మొక్కసారిగా మాఱెను. ఒంటి ధ్రువము దూరిపోయినచో ఎంత మార్పు రావలెనో అంతయే వచ్చెను. ఆయన అంతకంటె పెద్ద చుట్టలు కట్టి చూచెను. ఆ గుర్తు మరల కనబడలేదు. కావున ఒంటి ధ్రువము దొరకెనని చాటుకొనలేదు.

ఇటలీలో గ్రాన్ సాసో పర్వతము క్రింద, ఇతర కణముల తాకిడిని చాలవఱకు రాయి అడ్డగించుచోట, సుమారు 76 మీటర్ల పొడవుగల మాక్రో అను యంత్రము 2000 వఱకు కాచుకొనియుండెను. దక్షిణ ధ్రువమున ఐస్‌క్యూబ్ అనునది ఒక ఘన కిలోమీటరు మంచులో 5,160 గాజుకన్నులతో చూచుచున్నది. మంచులో వెలుతురుకంటె వడిగా పోవు ఒంటి ధ్రువము నీలికాంతిని వెదజల్లవలెను. ఇంతవఱకు ఎచ్చటను అది దొరకలేదు.

పోయిన నాణెమునకై దీపము వెలిగించి ఇల్లూడ్చిన స్త్రీ కథను మేము బైబిలు తరగతిలో విందుము. నాణెము తనదేయని యామె యెఱుగును. ఈ శాస్త్రజ్ఞులకో, నాణెమున్నదో లేదో కూడ తెలియదు. అయినను మూలమూలలు ఊడ్చుచున్నారు. ఊడ్చిన మేర ఎంతయో లెక్కవ్రాసి, ఈ కణములు ఇంతకంటె అరుదుగా నుండవలెనని తేల్చుచున్నారు.

“లేదు” అనుటకును “కనబడలేదు” అనుటకును గల భేదమును మేము వీరివలన తెలిసికొంటిమి. చూచినది చూచినట్లు వ్రాయుడని ప్రయోగశాలలో మా గురువులు చెప్పుమాట చిన్నదిగా తోచును. కాని ఒక్కసారి కనబడిన దానిని సైతము నిజమని పట్టుబట్టకుండుటకు ఎంత నిగ్రహము కావలయునో, మా తోడి విద్యార్థులారా, యోచింపుడు.