పిజ్జాకి దిబ్బరొట్టె పాఠం

గుప్పెడు గోధుమపిండిని ముద్దగా కలిపి, అరగంట నాననిచ్చి, కుళాయి ధార కింద పట్టి మెల్లగా పిసుకుతూ ఉంటే తెల్లటి నీళ్లు కారిపోతాయి. ఆ తెలుపంతా గంజి. కాసేపటికి నీళ్లు తేటపడతాయి, చేతిలో మాత్రం లాగితే సాగి, వదిలితే ముడుచుకునే రబ్బరు ముద్ద ఒకటి మిగులుతుంది. అదే గ్లూటెన్. లాటిన్‌లో ఆ మాటకి బంక అని అర్థం. బొలోన్యాకి చెందిన జాకోపో బెక్కారి గోధుమపిండిని ఇలాగే కడిగి ఈ బంకని వేరుచేశాడు; ఆ సంగతి చెప్పే ఆయన వ్యాసం 1745లో అచ్చయింది. ఇదే పరీక్ష జొన్నపిండికి పెడితే ముద్దంతా నీళ్లలో కలిసిపోయి అరచెయ్యి ఖాళీ అవుతుంది. గ్లూటెన్ లేని వీగన్ పిజ్జా ఇంట్లో చేయబోయి చేతులు కాల్చుకున్నవాళ్ల అవస్థంతా ఈ ఖాళీ అరచేతిలోనే ఉంది. సాగే గుణం లేని పిండిని మైదాలా సాగమంటే సాగదు. ఈస్టు వేసి పొంగమన్నా, పుట్టిన గాలిని పట్టి ఉంచే వల లేక అది పొంగదు. పైగా వీగన్ అంటే పాలు, వెన్న, జున్ను కూడా ఉండకూడదు కనక, లోటు కింద రొట్టెలోనూ, పైన తొడుగులోనూ రెండుచోట్లా కనిపిస్తుంది.

ఈ వంటకి పేరు పెట్టడంలోనే ఓ చిక్కుంది. అందులో ఏమున్నాయో చెప్పకుండా ఏవి లేవో చెప్పే పేరది. పేరు అలా ఉన్నప్పుడు వంటవాళ్ల బుద్ధి కూడా అటే పోతుంది: లేనిదానికల్లా ఒక బదులు వెతకడం. గ్లూటెన్‌కి బదులు శాంథన్ గమ్, జున్నుకి బదులు కొబ్బరినూనెని గంజితో గట్టిపరిచిన ముక్క. శాంథన్ మీద నాకు కోపం లేదు. క్యాబేజీకి నల్లకుళ్లు తెచ్చే బాక్టీరియా నుంచి ఆ జిగురు తీస్తారని వింటే మొహం చిట్లించనక్కర్లేదు కూడా. తినడానికి నిక్షేపంగా ఉంటుంది. కాని బదులు సరుకులన్నీ తెచ్చి పోగేసినా చివరికి వచ్చేది మైదా పిజ్జాకి దూరపు చుట్టం. బంక లేని గింజలతో రొట్టె చేయడం ఎవరికి తెలుసు అని ముందు అడగాలి. ఆ ప్రశ్నకి జవాబు మన వంటింట్లోనే, పెనం పక్కనే ఉంది.

జొన్నరొట్టె చేసేవాళ్లు పిండిలో మసిలే నీళ్లే ఎందుకు పోస్తారు? ఆ వేడికి పిండిలోని గంజి కొంత ఉడికి జిగురవుతుంది. గోధుమలో బంక చేసే పనిని ఇక్కడ ఆ జిగురు చేస్తుంది. చన్నీళ్లతో కలిపితే రొట్టె తట్టేలోపే అంచులు పగుళ్లు బారతాయి. తెలంగాణ సర్వపిండిది ఇంకో ఉపాయం. బియ్యప్పిండిని నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పుతో కలిపి గిన్నె లోపలి గోడకే పల్చగా అద్దేస్తారు. విరగకుండా ఎత్తి పెనం మీద వేయాల్సిన గండమే ఉండదు. వేలితో పొడిచిన చిల్లుల్లో నూనె చుక్కలు పడి పిండి లోపలిదాకా వేగుతుంది. ఇక మినుము సంగతి వేరే చెప్పాలి. రుబ్బిన మినప్పిండి వేళ్లకి తీగలా అంటుకుంటుంది కదా, ఆ జిగురూ, దానిలోని మాంసకృత్తులూ కలిసి రుబ్బేటప్పుడు చేరిన గాలినీ, పులిసేటప్పుడు పుట్టిన గాలినీ పట్టి ఉంచుతాయి. ఇడ్లీని నిలబెట్టేది ఈ పట్టే. పిజ్జాకి కావలసిన మందం, గుల్లదనం గోధుమ లేకుండా రావాలంటే, నా లెక్కలో మినుముని మించింది లేదు.

అంటే దిబ్బరొట్టె. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యపురవ్వ. పిండి గరిట జారుగా కాకుండా కాస్త గట్టిగా ఉండాలి. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె రాసి, అర అంగుళం మందాన పరిచి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. మూత తీసి చూస్తూ ఉంటే ఆవిరి పోయి పైభాగం ఎండుతుంది, ఓపిక పట్టాలి. అడుగు ఎర్రగా కాలి, అంచు మూకుడుని వదిలాక తిరగేస్తే, ఆ ఎర్రటి కరకర ముఖం పైకి వస్తుంది. టమాటా రాయాల్సింది దాని మీదే. బంక లేని రొట్టె తడిని స్పాంజిలా పీల్చి ముద్దవుతుంది. వేగిన పెచ్చు అడ్డుపడితే ఆ తడి త్వరగా లోపలికి దిగదు. రెండోవైపు కాలే వ్యవధిలో పైన కూరముక్కలు మగ్గుతాయి. టమాటాని కూడా పచ్చిరసంగా పోయకూడదు, పచ్చడికి మగ్గించినట్టు నీరంతా ఇగిరి నూనె తేలేదాకా ఉంచాలి. నేపుల్స్‌లో పచ్చి టమాటా నలిపి వేస్తారు నిజమే, కాని అక్కడ కట్టెల పొయ్యి 485 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికొస్తుంది. ఇంటి ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఓవెన్ లేదని బాధపడేవాళ్లకి మూతపెట్టిన మూకుడే మేలు.

జున్ను లేకుండా పిజ్జా ఏమిటని నొసలు చిట్లించేవాళ్లకి నేపుల్సే జవాబు చెబుతుంది. అసలు సిసలు నేపుల్స్ పిజ్జాగా అక్కడివాళ్లు గుర్తించే రెండిట్లో ఒకటైన మారినారాలో జున్ను ఉండదు: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. సాగే తొడుగు కావాలని పిల్లలు పట్టుబడితే పలాస జీడిపప్పు, సామర్లకోట వైపు మిల్లుల్లో ఆడే సగ్గుబియ్యం చాలు. అరకప్పు జీడిపప్పు నానబెట్టి, ముప్పావు కప్పు నీళ్లతో మెత్తగా రుబ్బి, రెండు చెంచాల సగ్గుబియ్యం పిండి, ఉప్పు, నిమ్మరసం కలిపి సెగ మీద కలియబెడితే, ఉన్నట్టుండి చిక్కబడి, మెరిసి, గరిటకి సాగుతుంది. అది సగ్గుబియ్యంలోని కర్రపెండలం గంజి సాగడమే. పాలలోని కేసీన్ సాగినట్టు అది సాగదు, మొజరెల్లా రుచీ రాదు. వస్తుందని చెప్పి పెడితేనే తినేవాళ్లకి నిరాశ.

ఇంతా చేసి దాన్ని పిజ్జా అనడమెందుకు, దిబ్బరొట్టె అంటే పోలేదా? న్యాయమైన ప్రశ్నే. కాని పిజ్జా అనే మాట 997 నాటి గయేటా పట్టణపు లాటిన్ పత్రంలోనే ఉంది. టమాటా అమెరికా నుంచి ఐరోపా చేరడానికి ఇంకో ఐదొందల ఏళ్లు పైనే పట్టింది. టమాటా లేని నాడు కూడా పిజ్జా పిజ్జానే అయితే, గోధుమ లేని నాడు కాకుండా పోతుందా? పేరుకి ఇంకో అవసరం కూడా ఉంది. గోధుమ పడని సీలియాక్ జబ్బున్న పిల్లాడు పుట్టినరోజు పార్టీలో అందరితోపాటు పిజ్జా ముక్క తింటున్నాననుకోవాలి, పక్కన కూచుని పథ్యం తింటున్నాననుకోకూడదు.

ఇదంతా ఓ ఫ్యాషనని కొట్టిపారేసేవాళ్ల మాటలో సగం నిజముంది. గోధుమ పడేవాళ్లు గ్లూటెన్ మానేసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. ఉత్త బియ్యప్పిండీ, బంగాళదుంప గంజీ కలిపిన పొట్లాల్లో పీచు, మాంసకృత్తులు తక్కువ కూడా. కాని సీలియాక్ ఉన్నవాళ్లకి ఇది సరదా కాదు. వాళ్ల పేగుల్ని పాడుచేస్తున్నది గోధుమేనని డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికే 1950లో తన సిద్ధాంతగ్రంథంలో నిరూపించాడు. మన దేశంలో గ్లూటెన్ రహితమని చీటీ అంటించాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే చిటికెడు పిండికే లెక్క తప్పుతుంది. వీధి చివర పిండిమరలో ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్లాక మన జొన్నలు పోస్తే, మర రాళ్ల మధ్య మిగిలిన ఆ గోధుమపిండి మన సంచీలోకే వస్తుంది. ఇంట్లో గ్రైండర్‌లో రుబ్బుకునే మినప్పిండికి ఆ బెడద లేదు. ఎవరికీ అనుమానం రానిది ఇంగువ. డబ్బాల్లో వచ్చే ఇంగువ చాలామటుకు మైదా కలిపిందే. పోపులో వేసేముందు డబ్బా తిప్పి చదవాలి.

గ్లూటెన్ లేని పిజ్జా అంటే అట్ట ముక్క అనే ఫిర్యాదుకి కూడా కారణం ఉంది. ఉడికిన బియ్యపు గంజి చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది, పొద్దుటి అన్నం సాయంత్రానికి పలుకెక్కినట్టు. పెట్టెలో పెట్టి స్కూటరు మీద అరగంట ఊరంతా తిప్పి తెచ్చే వ్యాపారానికి ఈ రొట్టె లొంగదు. ఇంట్లో అయితే ఆ తిప్పలుండవు. దోసెల వరస ఎలాగూ అలవాటే: పళ్లెంలో మొదటి ముక్క తింటుండగానే పొయ్యి మీద రెండో రొట్టె మూత కింద చుయ్యిమంటూ ఉండాలి.