షౌక్‌కీ ఒక హిసాబుంటుంది

మన ఇళ్లల్లో షౌక్ అనే మాట మగవాళ్లకే ఎక్కువ వాడతాం. చిచ్చాకి పావురాల షౌక్, మామూకి ముషాయిరాల షౌక్, భాయ్‌కి క్రికెట్ షౌక్. అమ్మీకి ఏం షౌక్ అని అడిగితే కాసేపు ఎవరికీ జవాబు తట్టదు. "అమ్మీకి వంటంటే ఇష్టం" అని చివరికి ఎవరో ఒకరు అంటారు. అది ఆమె షౌకో, ఆమె మీద పడ్డ పనో మాత్రం ఎవరూ అడిగి ఉండరు.

మా అబ్బాకి చేపల షౌక్. అదే నాకూ వచ్చింది. కానీ ఆయన షౌక్‌కీ నా షౌక్‌కీ మధ్య ఒక పెద్ద ఫరక్ ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అబ్బాది మిర్యాలగూడలో చిన్న దుకాణం. జుమ్మా రోజు నమాజు అయ్యాక షట్టర్ దించేసి, గాలపు కట్టె పట్టుకుని సాగర్ ఎడమ కాల్వకి పోయేవాడు. తడి మట్టి నింపిన డబ్బాలో ఎర్రలు, జేబులో రెండు బెండు ముక్కలు. ఇషా దాటాక రవ్వో, బొచ్చో, ఏదీ పడకపోతే నాలుగు జెల్లలో పట్టుకుని వచ్చేవాడు. అప్పటికే వంట ముగించిన అమ్మీ మళ్లీ పెరట్లో కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. మేం టార్చి పట్టుకుంటే ఆమె బూడిద రాసి చేపని తోమేది. రాత్రి పది గంటలకి ఇల్లంతా చింతపండు వేసిన సాలన్ ఖుష్బూ. అబ్బా అంతసేపు ఎక్కడికి పోయాడని ఎవరూ అడగలేదు. ఆయన వెంట రిజ్క్ వచ్చేది కదా.

నా వెంట ఏమీ రాదు. ఖాళీ చేతులతో ఇంటికొస్తాను.

నేనుండేది అమెరికాలో పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ అనే ఊరు. నౌకరీ కోసం వచ్చి 14 ఏళ్లయింది. మా ఊరి పక్కనుంచే స్ప్రింగ్ క్రీక్ అనే వాగు పారుతుంది. సున్నపురాయి నేలలోంచి ఊటలుగా పుట్టే నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. అందుకే ట్రౌట్ చేపలకి అది జన్నత్. ఇక్కడ నేను నేర్చుకున్నది ఫ్లై ఫిషింగ్. ఇందులో ఎర్ర ఉండదు, బెండు ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి నీటి పురుగులా కనిపించే ఈగని తయారు చేస్తాం. దాని బరువు ఏమీ ఉండదు కాబట్టి, లావుపాటి దారం బరువుతోనే దాన్ని గాల్లో ఊపి నీళ్ల మీద వాల్చాలి.

అయితే ఈ వాగులో పట్టిన ట్రౌట్‌ని ఇంటికి తెచ్చుకోకూడదు. వెనకటి రోజుల్లో రసాయనాలు కలిసి చేపలు తినడానికి పనికిరాకుండా పోయాయని పెట్టిన రూలు అది. వాగు కోలుకున్నాక కూడా కొనసాగింది. పట్టిన ప్రతి చేపనీ వదిలెయ్యాలి. మామూ ఫోన్లో అడుగుతాడు: "పట్టి ఇడిసిపెట్టేటందుకు అంత దూరం పోయినవా బేటా?"

మామూ నవ్వడానికే అన్నాడు గానీ ఆ సవాల్ చిన్నది కాదు. అబ్బా మూడు గంటలు కాల్వ కట్టన కూర్చుంటే ఇంటికి సాలన్ దక్కేది. నేను మూడు గంటలు వాగులో నిలబడితే నా బీవీకి, బచ్చాలకి ఏం దక్కుతుంది?

దీనికి తోడు చేపలు పైకొచ్చే వఖ్త్ ఒకటుంది. మే నెల సగం నుంచి జూన్ దాకా ఈ వాగు మీద సల్ఫర్ అనే లేత పసుపు రంగు పురుగులు లేస్తాయి. అవి పొద్దు వాలుతుండగానే నీళ్ల మీదికి వస్తాయి. పగలంతా అడుగున దాక్కున్న ట్రౌట్లు అప్పుడు వాటి కోసం పైకొచ్చి నోరు తెరుస్తాయి. ఆ రోజుల్లో ఇక్కడ పొద్దు గూకేది ఎనిమిదిన్నర ప్రాంతంలో. అంటే సరిగ్గా మగ్రిబ్ వేళ. పిల్లలకి అన్నం పెట్టి, హోంవర్క్ చూసి, స్నానాలు చేయించే వేళ కూడా అదే. వేట మనా అయిన శనివారం నాడే చేపలు తలలెత్తుకుని వచ్చాయని దరియా ఒడ్డు బస్తీ వాళ్ల కిస్సా మనందరం చిన్నప్పుడు విన్నదే. ఆ ఆజ్మాయిష్ ఎలాంటిదో నాకు ఈ వాగు దగ్గరే అర్థమైంది.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మా బేగం ఒక రోజు కాగితం మీద లెక్క రాసి చూపించింది. వాగులో రెండు గంటలు. పోను రాను ముప్పావుగంట. ముందు సామాను సర్దుకోవడం, తర్వాత తడిసిన బట్టలు, బూట్లు ఆరేసుకోవడం. మొత్తం నాలుగు గంటలకి దగ్గర. "మీరు పోవద్దని నేననట్లేదు జీ. నది నుంచి వచ్చిన రోజు మీ మొహం బాగుంటుంది, గుస్సా కూడా తక్కువుంటుంది. మరి నేనెప్పుడు పోవాలి? ఎక్కడికి పోవాలి?" అంది.

అది షికాయత్ కాదు, హిసాబ్. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక ముఆహిదా నడుస్తోంది. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో నేను ఒక సాయంత్రం తీసుకుంటే ఆమె పేరున ఇంకో సాయంత్రం రాసి ఉంటుంది. ఆమె సాయంత్రం ఆమెదే. మొదట్లో ఆమె లైబ్రరీకి వెళ్లి వచ్చేది. ఏం చేశావని అడిగితే "కూర్చున్నా" అనేది. అంతే. నేను నా చేప ఎన్ని అంగుళాలో చెప్పినట్టు ఆమె తన ఖాళీ గంటలకి జవాబు చెప్పక్కర్లేదు. ఆ గంటల్లో ఇల్లు నా చేతిలో ఉంటుంది. ఐదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఇద్దరు పిల్లలతో ఉండటం ఎంత మెహనత్తో అప్పుడే తెలిసింది.

రాత్రంతా ఇబాదత్‌లో, పగలంతా రోజాలో గడిపే అబూ దర్దాని సల్మాన్ ఫార్సీ ఆపిన సంగతి మీకు తెలుసు. ఒంటికి హక్కుంది, ఇంటివాళ్లకి హక్కుంది, ఎవరి హక్కు వాళ్లకివ్వాలని చెప్పాడు. ఆయన కంట ముందు పడింది అబూ దర్దా భార్య బట్టల తీరు. ఇబాదత్‌కే హిసాబుంటే చేపల వేటకి ఉండదా?

2017, 2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో పడింది. సల్ఫర్ పురుగులు లేచేదీ, ఇఫ్తార్ అయ్యేదీ ఒకే క్షణం. చాంద్ లెక్క ప్రకారం మళ్లీ ఇలా రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ సాయంత్రాలు దస్తర్‌ఖాన్‌వే. నేను సెహ్రీ తిని, ఫజర్ చదువుకుని వాగుకి పోయేవాణ్ణి. ఆ వేళ నీళ్ల మీద పురుగుండదు, చేప పైకి రాదు. కొక్కేన్ని అడుగున దొర్లించాలి. పడేవి తక్కువే. కానీ ఇంట్లో అందరూ నిద్రపోయే గంటలవి. ఎవరి వాటాలోంచీ తీసుకున్నవి కావు. రోజాతో, మోకాళ్లదాకా చల్లటి నీళ్లలో నిలబడిన ఆ పొద్దుల్లో నా దిల్‌కి దొరికిన సుకూన్ మంచి సాయంత్రాల్లో కూడా దొరకలేదు.

"ఫ్యామిలీని కూడా తీసుకుపోవచ్చు కదా" అని చాలామంది సలహా ఇస్తారు. తీసుకుపోతాం. ఆ రోజు చిన్నోడు వాగులోకి రాళ్లు విసురుతాడు, చేపలన్నీ పారిపోతాయి, కబాబులు తిని వస్తాం. అది చాలా మంచి రోజు. కానీ దాన్ని షికార్ ఖాతాలో కాదు, కుటుంబం ఖాతాలోనే రాసుకోవాలి.

పెద్దదానికి ఇప్పుడు 15 ఏళ్లు. ఈగలు కట్టడంలో దాని వేళ్లు నాకంటే నేర్పుగా ఆడతాయి. కానీ వాగుకి మాత్రం రాదు. "తినని చేపకి నొప్పి ఎందుకు అబ్బూ?" అంటుంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముల్లు లేని కొక్కెం వాడతాను, చేతులు తడుపుకునే ముట్టుకుంటాను, చేపని నీళ్లలోంచి పైకెత్తను. రెండు చేపలు పడితే ఆపేస్తాను. దాని మాటకి ఇచ్చిన ఇజ్జత్ అది. ఇంటికి తొందరగా రావడం దానితో వచ్చిన ఫాయిదా.

పోయినేడాది వతన్‌కి వెళ్లినప్పుడు అమ్మీని అడిగాను, నీ షౌక్ ఏంటమ్మీ అని. అబ్బా ఇంతకాల్ అయి అప్పటికి ఆరేళ్లు. ఆమె ముందు నవ్వింది. తర్వాత, "మేరా క్యా షౌక్ రే... మీ అబ్బా ఒక్కసారన్న నన్ను ఆ కాల్వకాడికి తీస్కపోతడేమో అనుకుంటుంటి" అంది. నలభై ఏళ్లు ఆ కాల్వ చేపల్ని తోమిన మనిషి ఆ కాల్వ కట్టన ఒక్కసారి కూడా కూర్చోలేదు. అబ్బాది బద్నియత్ కాదు. ఆయనకి తోచలేదు, ఆమె అడగలేదు. మర్నాడు అస్ర్ తర్వాత ఆటోలో తీసుకెళ్లాను. ఆమె గట్టు మీద దుపట్టా సర్దుకుని కూర్చుని, "ఇంత గాలి ఉంటదా ఈడ?" అంది. మగ్రిబ్ అజాన్ దాకా లేవలేదు.

మీ ఇంట్లో షౌక్ ఉన్న మనిషి మీరే అయితే ఇవాళ రాత్రి ఖానా అయ్యాక ఇంకొకరిని అడిగి చూడండి, నీకెక్కడికి పోవాలనుంది అని. వెంటనే జవాబు రాకపోవచ్చు. చాలా ఏళ్లుగా ఎవరూ అడగని సవాల్ కదా, కొంచెం సబర్ చెయ్యండి. చేపల కోసం గంటలకొద్దీ సబర్ చేసేవాళ్లకి అదేం కష్టం కాదు.